ప్రింట్ ఇవ్వగానే సిస్టమ్ పడిపోతోంది, అప్‌డేట్ తర్వాతే మొదలైంది: నల్లగొండ

క్లాక్‌టవర్ డీటీపీ | బుధవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. నేనూ, ఒక హెల్పర్ అబ్బాయీ. ఉన్నది ఒకటే సిస్టమ్. ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ, పక్కన లేజర్ ప్రింటర్.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయిందని తెలిసి కూడా చాలా రోజులు నెట్టుకొచ్చాను. మొన్న ఆదివారం గిరాకీ లేదని విండోస్ 11 అప్‌డేట్ పెట్టాను. బాగానే ఎక్కింది. సోమవారం పొద్దున్నుంచి ప్రింట్ ఇవ్వగానే సిస్టమ్ పడిపోతోంది. స్క్రీన్ నల్లగా అయి తెల్ల అక్షరాలు కనిపిస్తాయి, చదివేలోపే రీస్టార్ట్ అవుతుంది. మొదట మానిటర్ పోయిందనుకుని పక్క షాపువాళ్ల మానిటర్ తెచ్చి పెట్టి చూశాను. దానిమీదా అంతే. మూడు రోజుల్లో 11 సార్లు పడింది. పడ్డప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెడుతున్నాను.

శుక్రవారం సాయంత్రానికి 400 పెళ్లికార్డులు ఇవ్వాలి. పెళ్లికూతురు తండ్రి మునుగోడు నుంచి బస్సులో రెండుసార్లు వచ్చి ఉత్తచేతులతో వెళ్లాడు. ఒక్క మాట అనలేదు, నాకు అదే ఇంకా బాధగా ఉంది. ఇక్కడ తెలిసినాయన ఫార్మాట్ కొట్టక తప్పదంటున్నారు. కొట్టించాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కల్వకుర్తి జిరాక్స్ | బుధవారం రాత్రి 10:58

కొట్టించెయ్యండి అన్నా. పెళ్లి పని ముందర పెట్టుకుని పరీక్షలు చేస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. రాత్రికి రాత్రి ఇచ్చేస్తే పొద్దున పదింటికల్లా చేతికొస్తుంది. మా షాపులో ఏడాదికోసారి కొట్టిస్తాం, సిస్టమ్ మంచిగ నడుస్తుంది.

దేవరకొండ టీచర్ | బుధవారం రాత్రి 11:05

దయచేసి తొందరపడకండి. రెండేళ్ల కింద నాకూ ఇలాంటి ఇబ్బందే వస్తే ఫార్మాట్ చేయించాను. "డీ డ్రైవ్ ముట్టుకోం సార్, మీ ఫైళ్లు భద్రం" అన్నారు. నిజంగానే ముట్టుకోలేదు. కానీ నా ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. డెస్క్‌టాప్ అంటే సీ డ్రైవ్‌లోని ఒక ఫోల్డరేనని నాకు ఆ రోజే తెలిసింది. పిల్లలను పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లి చేయించిన ప్రాజెక్టు, వాళ్లు గంటగంటకూ ఆ గుడి గర్భగుడిలో పడే నీడను కొలిచి రాసుకున్న కాగితాల స్కాన్లు, ఫొటోలు అన్నీ పోయాయి. ఆ పిల్లలు పదో తరగతి దాటి వెళ్లిపోయారు. మళ్లీ చేయించలేను.

పాలమూరు సర్వీస్ | బుధవారం రాత్రి 11:31

మహబూబ్‌నగర్‌లో సిస్టమ్ సర్వీస్ చేస్తాను, 17 ఏళ్లుగా ఇదే పని. ఫార్మాట్ సంగతి తర్వాత చూద్దాం. డీటీపీ అన్నా, ఈ రాత్రే ఒక పని చేయండి. సిస్టమ్ ఆన్ చేసి, ప్రింట్ జోలికి పోకుండా, పెళ్లికార్డు ఫైలు, మీ డిజైన్లు, ఫాంట్లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అలాగే సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌కి వేసే తాళం, ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు సేఫ్ మోడ్‌లోకి, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్‌లోకి, వెళ్లాల్సి వస్తే సిస్టమ్ ఆ కీ అడగవచ్చు. అప్పుడు వెతుక్కుంటే దొరకదు.

ఇక ఆ నల్ల స్క్రీన్. మీ మానిటర్‌కి ఏమీ కాలేదు. విండోస్ పడిపోయినప్పుడు ఇన్నేళ్లూ మనం చూసిన బ్లూ స్క్రీనే అది. 2025లో వచ్చిన మార్పుతో విండోస్ 11లో నీలం పోయి నలుపు వచ్చింది. ఏడుపు ముఖం, క్యూఆర్ కోడ్ తీసేశారు. మనకు పనికొచ్చేవి మాత్రం ఉంచారు: ఏ తప్పుతో ఆగిందో చెప్పే స్టాప్ కోడ్, ఎక్కడ దెబ్బతిందో తెలిస్తే ఆ ఫైలు పేరు. ఇప్పుడది రెండు సెకన్లలోనే మాయమవుతుంది, అందుకే మీకు అందడం లేదు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన డబ్బాలో సిస్‌డీఎం డాట్ సీపీఎల్ అని ఇంగ్లీషులో కొట్టండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ ఉంటుంది. అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నదానికి టిక్ తీసేయండి. ఇక మీరు ఆపేదాకా స్క్రీన్ అలాగే నిలబడుతుంది, నిదానంగా ఫొటో తీసుకోవచ్చు.

పొద్దున ఈ మూడు సంగతులు చెప్పండి. నోట్‌ప్యాడ్‌లో ఒక లైను కొట్టి ప్రింట్ ఇస్తే పడుతోందా? డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్రింట్ ఇవ్వకుండా ఊరికే వదిలేస్తే పడుతోందా? ఆ 11 సార్లూ నల్ల స్క్రీన్ వచ్చిందా, లేక కొన్నిసార్లు స్విచ్ తీసేసినట్టు టక్కున ఆగిందా? మూడోది బాగా గుర్తుచేసుకుని చెప్పండి.

వనపర్తి విద్యార్థి | బుధవారం రాత్రి 11:52

అన్నా, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, డిజమ్ రీస్టోర్‌హెల్త్ నడిపి చూడండి. విండోస్ సొంత ఫైళ్లు చెడితే అవి సరిచేస్తాయి. ఇంకో మాట, 2021 మార్చి అప్‌డేట్ తర్వాత కొన్ని ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే బ్లూ స్క్రీన్ వచ్చేది, ఏపీసీ ఇండెక్స్ మిస్‌మ్యాచ్ అనే స్టాప్ కోడ్‌తో. వారం తిరక్కుండానే దాన్ని సరిచేసే అప్‌డేట్ కూడా ఇచ్చారు. ఇదీ అలాంటిదేనేమో.

పాలమూరు సర్వీస్ | గురువారం ఉదయం 6:20

మంచి సంగతి గుర్తుచేశావు తమ్మీ. అప్పుడు మా దగ్గరికీ అలాంటివి వచ్చాయి. కాకపోతే స్టాప్ కోడ్ చూడకుండా అదే జబ్బు అనలేం. ఎస్ఎఫ్‌సీ నడిపితే నష్టమేమీ లేదు, కానీ నడుపుతుండగా మధ్యలో పడిపోయే సిస్టమ్ మీద దాన్ని మొదటి పనిగా నేను పెట్టను.

క్లాక్‌టవర్ డీటీపీ | గురువారం ఉదయం 8:15

రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని బ్యాకప్ తీశాను. ఎన్‌క్రిప్షన్ ఆఫ్‌లోనే ఉంది. పొద్దున ఆరున్నరకే షాపు తీశాం.

నోట్‌ప్యాడ్ నుంచి ప్రింట్ ఇస్తే టక్కున ఆగిపోయింది. నల్ల స్క్రీన్ లేదు, అక్షరాల్లేవు. చీకటి, అంతే. మళ్లీ ఆన్ చేసి ప్రింట్ ఇస్తే చక్కగా వచ్చింది. వెంటవెంటనే ఐదు ఇచ్చాను, ఐదూ వచ్చాయి. టీ తాగొచ్చి అరగంట తర్వాత ఇస్తే మళ్లీ ఆగింది.

తర్వాత ప్రింటర్ కేబుల్ పీకేసి డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరిచి వదిలేశాం. పది నిమిషాల్లో నల్ల స్క్రీన్ వచ్చింది. ఈసారి నిలబడింది. స్టాప్ కోడ్ సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్. దాని కింద వాట్ ఫెయిల్డ్ అని ఒక ఫైలు పేరు, చివర డాట్ సిస్ అని ఉంది. హెల్పర్ అబ్బాయి ఆ పేరు నెట్‌లో వెతికితే యూఎస్‌బీ లాక్ డ్రైవర్ అని వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా సాఫ్ట్‌వేర్‌కి ఒక లాక్ ఉంటుంది, బొటనవేలంత. అది పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. 2010లో కొన్నాను. మూడు సిస్టమ్‌లు మారాయి, దాన్నే తీసి పెట్టుకుంటూ వచ్చాను. డబ్బా వెనకాల దుమ్ములో ఉంది, అది ఉన్న సంగతే మరిచిపోయాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను, వాళ్ల సాఫ్ట్‌వేర్‌తోనే ఇన్నేళ్లు అన్నం తిన్నాను.

మిర్యాలగూడ కాంటా | గురువారం ఉదయం 8:40

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది మిల్లు దగ్గర వేబ్రిడ్జి. మాకూ విండోస్ 11 పెట్టాకే తిప్పలు మొదలయ్యాయి. సిస్టమ్ పడిపోదు, కానీ కాంటా మీది బరువు స్క్రీన్ మీదికి రావడం లేదు. వడ్ల లారీలు లైన్లో ఉంటే చేత్తో రాసి బిల్లు కొడుతున్నాం. సీరియల్ కేబుల్‌కి యూఎస్‌బీ కన్వర్టర్ ఉంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వచ్చింది.

పాలమూరు సర్వీస్ | గురువారం ఉదయం 9:10

కాంటా అన్నా, మీ పసుపు గుర్తు మీద రెండుసార్లు నొక్కి ఏం రాసుందో చూడండి. కన్వర్టర్ లోపల ఉన్నది పీఎల్2303 అనే చిప్‌లో పాత రకం అయితే విండోస్ 11లో సపోర్ట్ లేదని అక్కడే రాసి ఉంటుంది. మా దగ్గర మేం డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లి పాత వెర్షన్ ఎంచుకుని నడిపిస్తున్నాం. కానీ మీది రోజంతా లారీలు నిలబడే చోటు. ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ ఉన్న కన్వర్టర్ కొని పెట్టేసుకోండి. పెట్టాక దానికి విండోస్ ఇచ్చే కామ్ పోర్ట్ నంబర్ పాతదే ఉండేలా చూసుకోండి, లేదంటే కాంటా సాఫ్ట్‌వేర్ పాత నంబర్‌లోనే వెతుక్కుంటుంది.

డీటీపీ అన్నా, చాలా చక్కగా పరీక్ష చేశారు. మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. రెండూ ప్రింట్ దగ్గరే బయటపడుతున్నాయి కాబట్టి ఒకటే అనుకున్నాం.

మొదటిది ఆ లాక్ డ్రైవర్. మన ఇళ్ల దగ్గరి సంగతితో చెబుతాను. సాగర్ ఎడమ కాలువ కింద ఒక రైతు తన మడిలో గండి సరిగ్గా కట్టకపోతే ఆయన మడి మునుగుతుంది, పక్కవాళ్లు బాగానే ఉంటారు. తూము దగ్గర షట్టర్ తిప్పే మనిషి తప్పు చేస్తే ఆయకట్టు మొత్తానికీ దెబ్బ. వర్డ్, బ్రౌజర్, మీ డీటీపీ సాఫ్ట్‌వేర్ మడి కింద లెక్క. చెడితే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్, అంటే లాక్, ప్రింటర్ లాంటివాటిని విండోస్‌తో కలిపే ప్రోగ్రాం, తూము దగ్గరుండే మనిషి. అది విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ లోపల కూర్చుని పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే, మిగతా డేటా పాడుకాకుండా విండోస్ తనంతట తనే మొత్తం ఆపేస్తుంది. ఆ ఆపడమే నల్ల స్క్రీన్. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఒక్క ఫైలు తప్పుగా వస్తే ప్రపంచంలో 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు ఇలాగే పడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అదీ కెర్నల్ లోపల జరిగిన తప్పే.

మీ లాక్ డ్రైవర్ మీ పాత విండోస్ రోజుల్లో రాసింది. లోపలి ఏర్పాట్లు మారాయి, అది మారలేదు. సాఫ్ట్‌వేర్ తెరిచేటప్పుడు, మధ్యమధ్యలో, ప్రింట్ ఇచ్చేటప్పుడు లాక్ ఉందా అని అడుగుతుంది. అడిగినప్పుడల్లా ప్రమాదమే.

ఫార్మాట్ కొడితే? మళ్లీ అదే సీడీలోంచి అదే డ్రైవర్ ఎక్కిస్తారు. శుక్రవారం సాయంత్రం మళ్లీ ఇక్కడే ఉంటారు.

రెండోది, అక్షరాల్లేకుండా టక్కున ఆగడం. దానికి మామూలుగా విండోస్‌తో సంబంధం ఉండదు, చాలాసార్లు అది కరెంటు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో కెర్నల్ పవర్, నంబర్ 41 ఉన్నవి చూడండి. లోపల డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ ఉంటుంది, అంటే స్టాప్ కోడ్ నంబరే. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కి ఏం జరిగిందో రాసుకునే తీరిక కూడా దొరకలేదని అర్థం. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది నల్ల స్క్రీన్. మీ క్యాలెండర్ గీతలు పక్కన పెట్టుకుని లెక్కేయండి.

క్లాక్‌టవర్ డీటీపీ | గురువారం ఉదయం 10:25

నిన్నటి వరకు ఉన్న 11లో ఐదింటికి సున్నా. ఆరింటికి 59. అన్నా, ఆ ఐదూ చూస్తుంటే ఒళ్లు జలదరించింది. పొద్దున షాపు తీయగానే ఒకటి, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక ఒకటి. అన్నీ ప్రింటర్ కాసేపు ఖాళీగా ఉన్నాక ఇచ్చిన మొదటి ప్రింటే.

వనపర్తి విద్యార్థి | గురువారం ఉదయం 10:31

59 అంటే కంప్యూటర్ వాళ్ల పదహార్ల లెక్కలో (హెక్సాడెసిమల్) 3బీ. సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్ నంబర్ అదే. సరిపోయింది.

పాలమూరు సర్వీస్ | గురువారం ఉదయం 10:44

సరిగ్గా చెప్పావు తమ్మీ.

అన్నా, మీ ప్రింటర్ ప్లగ్గు ఎక్కడుంది? గోడకా, యూపీఎస్‌కా?

క్లాక్‌టవర్ డీటీపీ | గురువారం ఉదయం 11:02

యూపీఎస్‌కే ఉంది. ఇప్పుడే కిందికి వంగి చూశాను. ఎప్పుడూ గోడకే ఉండేది. ఆదివారం అప్‌డేట్ ఎక్కుతుంటే మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని భయపడి, వెనకాల వైర్లన్నీ లాగి ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి యూపీఎస్‌కి కలిపి అన్నీ అందులో పెట్టాం. ప్రింటర్ కూడా అందులోనే పడింది. ఆగినప్పుడల్లా బల్ల కింద యూపీఎస్ ఒక్కసారి కీక్ అంటోందని అబ్బాయి ఇప్పుడు చెబుతున్నాడు. సోమవారం నుంచీ వింటున్నాడట, నేనే అడగలేదు.

పాలమూరు సర్వీస్ | గురువారం ఉదయం 11:15

దొరికింది. లేజర్ ప్రింటర్‌లో పొడిని కాగితానికి అంటించే హీటర్ ఉంటుంది. ఖాళీగా ఉంటే చల్లారుతుంది. మొదటి ప్రింట్‌కి ఒక్కసారిగా వేడెక్కాలి కాబట్టి కరెంటు గట్టిగా లాగుతుంది. మీది 600 వీఏ యూపీఎస్ అయితే మోయగలిగింది సుమారు 360 వాట్లు. హీటర్ ఒక్కటే దానికి రెట్టింపు అడగగలదు. ఆ ఊపుకి వోల్టేజ్ దిగుతుంది, యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, బరువు మోయలేక చేతులెత్తేస్తుంది. దానితోపాటు సిస్టమ్ కూడా. వేడిగా ఉన్నప్పుడు ఇచ్చిన ఐదు ప్రింట్లు అందుకే వచ్చాయి.

ఈ పని ఇప్పుడే చేయండి: ప్రింటర్ గోడకి, సిస్టమ్, మానిటర్ మాత్రం యూపీఎస్‌కి.

లాక్ సంగతి ఓపిగ్గా చేయాలి. ముందు లాక్ పీకేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి పాత లాక్ డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి, విండోస్ 11కి సరిపడే లాక్ డ్రైవర్ వాళ్లనే అడగండి. ఏవేవో సైట్ల నుంచి దింపుకోవద్దు. తూము తాళం ముక్కూమొహం తెలియని మనిషి చేతికి ఇచ్చినట్టవుతుంది. కొత్తది ఎక్కించి, మళ్లీ రీస్టార్ట్ చేశాకే లాక్ గుచ్చండి. ముందే గుచ్చితే పాతదే పట్టుకునే ప్రమాదం ఉంది.

ఒకవేళ వాళ్లు రేపటిదాకా పలకకపోతే భయపడకండి. అప్‌డేట్ పెట్టి పది రోజులు కాలేదు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ ఉంటుంది, విండోస్ 10కి వెనక్కి వెళ్లవచ్చు. ఫైళ్లు ఉంటాయి.

కల్వకుర్తి జిరాక్స్ | గురువారం మధ్యాహ్నం 1:20

నేను రాత్రి తొందరపడి చెప్పాను అన్నా, మన్నించండి. నా మాట వినుంటే మీకు రాత్రంతా వృథా అయ్యేది.

క్లాక్‌టవర్ డీటీపీ | శుక్రవారం రాత్రి 9:35

నిన్న మధ్యాహ్నం మూడుకి కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తారు. కొత్త డ్రైవర్ లింకు మెయిల్‌కి పంపారు. లాక్ నంబర్ అడిగితే దాని మీది అంకెలు అరిగిపోయి కనిపించలేదు. అబ్బాయి ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, వేలితో తడుముతూ ఒక్కో అంకె చదివాడు. మీరు చెప్పిన వరుసలోనే చేశాం. సాయంత్రం ఐదున్నరకి సాఫ్ట్‌వేర్ తెరిచి కుర్చీలో అలా చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు, ఇరవై, గంట. పడలేదు.

రాత్రి పదకొండు దాకా ప్రింట్లు తీశాం. ఈ రోజు మధ్యాహ్నం నాలుగుకి 400 కార్డులూ కట్టలు కట్టి పెట్టాం. పెళ్లికూతురు తండ్రి వచ్చి మొదటి కార్డుకు అక్కడే పసుపు రాయమన్నాడు. మా షాపులో పసుపు లేదు, పక్క కిరాణా నుంచి తెచ్చి రాశాం. పాలమూరు అన్నా, మీ పేరు కూడా తెలియదు నాకు. ఆయనకు మీ గురించి చెప్పాను.

ఒక్క అనుమానం. ఇక అప్‌డేట్లు పూర్తిగా ఆపేయనా?

పాలమూరు సర్వీస్ | శుక్రవారం రాత్రి 10:10

చాలా సంతోషం అన్నా. కార్డులు అందాయి, అది చాలు.

అప్‌డేట్లు ఆపేయకండి. మీ సిస్టమ్‌కి రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెడతారు, వైరస్ రక్షణ లేకుండా ఉండటం మంచిది కాదు. విండోస్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది, 2003 నుంచీ అదే పద్ధతి. అమెరికాలో ఉదయం అంటే మనకు మంగళవారం రాత్రి, షాపులో కనిపించేది బుధవారం. ముహూర్తాలు దగ్గరపడ్డప్పుడు విండోస్ అప్‌డేట్‌లో పాజ్ ఉంటుంది, ఐదు వారాల దాకా వాయిదా వేయవచ్చు. పెళ్లిళ్లు అయ్యాక ఒక ఆదివారం బ్యాకప్ తీసి అప్పుడు పెట్టండి. ఆ రోజు వైర్లు కదపకండి, కదిపితే ఏది ఎక్కడుందో ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి.

మిర్యాలగూడ కాంటా | శనివారం ఉదయం 7:55

కొత్త కన్వర్టర్ పెట్టాం. కామ్ పోర్ట్ మొదట 5 అని వచ్చింది, మీరు చెప్పినట్టు 3కి మార్చాం. బరువు వస్తోంది. పొద్దున్నుంచి ఆరు లారీలు తూగాయి.

కల్వకుర్తి జిరాక్స్ | శనివారం ఉదయం 8:30

ఇదంతా చదివి మా షాపులో బల్ల కిందికి వంగి చూశాను. మా లేజర్ ప్రింటర్ కూడా యూపీఎస్‌లోనే ఉంది. ఎండాకాలంలో సిస్టమ్ ఊరికే ఆగేది, అప్పుడు రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాం. ఇప్పుడు ప్లగ్గు తీశాను. గోడకి మామూలు సాకెట్ చాలా అన్నా, 15 ఆంప్స్‌ది కావాలా?

పాలమూరు సర్వీస్ | శనివారం ఉదయం 8:47

బల్ల మీద పెట్టే చిన్న లేజర్‌కి మామూలు సాకెట్ చాలు. పెద్ద జిరాక్స్ మిషన్‌కి మాత్రం 15 ఆంప్స్‌ది విడిగా ఉండాలి, ఆ లైన్లో ఇంకేమీ పెట్టకూడదు. ఎర్తింగ్ ఉందో లేదో ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.